అలక వంతెన

మామగార్లు అలగడం లోకంలో కొత్తేమీ కాదు. కొందరు భోజనం మానేస్తారు. కొందరు మాట మానేస్తారు. ఓపిక ఉన్నవాళ్లు రెండూ మానేస్తారు. హెట్టీ మామగారు సైలస్ సగ్డెన్ మాత్రం ఏదీ మానేవాడు కాదు. వంతెన తిప్పేసేవాడు.

అది ఇరుసు మీద తిరిగే చెక్క వంతెన. ఎప్పుడో ముత్తాతల నాడు కాలువ తవ్వినవాళ్లు సగ్డెన్ల పొలాన్ని నిలువునా రెండుగా కోసేసి, ఆ పాపానికి పరిహారంగా దాన్ని వేసి ఇచ్చారు. పడవ వచ్చినప్పుడు పక్కకి తిప్పి దారి వదలాలి, పడవ వెళ్లాక మళ్లీ అడ్డంగా తెచ్చి మూయాలి. హెట్టీ, ఆమె భర్త క్లెమ్ ఉండే కొత్త ఇల్లు, పశువుల పాక, గడ్డి కొట్టం, రొట్టెలు కాల్చే పొయ్యి, అన్నీ ఇవతలి గట్టున, ఒకప్పుడు పడవల్ని లాగే గుర్రాలు నడిచిన బాట పక్కన ఉన్నాయి. సైలస్ ఒక్కడే ఉండే పాత ఇల్లు, గడ్డి చేను, ముసలి పోనీ గుర్రం అవతలి గట్టున ఉన్నాయి. వంతెన ఇరుసూ, దాన్ని తోసే పొడవాటి దూలమూ కూడా అవతలే. అంటే వంతెన మీద పెత్తనమంతా అవతలి గట్టున నిలబడ్డవాడిదే. కాలువ తవ్విన ఇంజనీర్లు నేల ఎత్తుపల్లాలన్నీ కొలిచారు గాని, సగ్డెన్ల వంశ స్వభావం కొలవలేదు.

సైలస్‌కి కోపం వస్తే వంతెనని తన గట్టుకి తిప్పేసుకుని, దూలానికి గొలుసు వేసి లోపలికి వెళ్లిపోయేవాడు. ఇక కొడుకూ కోడలూ ఆయన్ని చూడాలంటే కాలువ గట్టునే చాలా దూరం నడిచి, ఎద్దు మూపురంలా లేచి ఉండే రాతి వంతెన ఎక్కి దిగి రావాల్సిందే. సైకిలు కూడా దిగి నడిపించుకోవాల్సినంత ఇరుకు అది. ట్రాక్టరు సంగతి చెప్పనక్కర్లేదు.

ఇందులో సంతోషించేవాళ్లు బొగ్గు పడవల వాళ్లు. వంతెన తెరిచి ఉంటే పడవ ఆపక్కర్లేదు, దిగక్కర్లేదు, తోయక్కర్లేదు. దూరం నుంచి చూసి, సగ్డెన్ల ఇంట్లో మళ్లీ ఏదో రాజుకుందని నవ్వుకుంటూ పోయేవాళ్లు. పోతూ పోతూ ఆ కబురు అటు లీడ్స్‌కీ ఇటు లివర్‌పూల్‌కీ బొగ్గుతో పాటు దింపేవాళ్లు.

పెళ్లయిన కొత్తలో హెట్టీ ఆదివారం భోజనంలో, పిండీ గుడ్లూ కలిపి కాల్చిన ఉప్పటి పుడింగునీ మాంసాన్నీ ఒకే పళ్లెంలో పెట్టింది. ఆ ప్రాంతంలో పుడింగు ముందు వస్తుంది, ఒంటరిగా, ఉల్లిపాయల పులుసులో మునిగి వస్తుంది. అది తిని కడుపు సగం నిండాక గాని మాంసం మొహం చూడకూడదు. హెట్టీ పుట్టింది కాలువకి రెండో చివర, లాంకషైర్‌లో. అక్కడి పిల్లలకి ఈ నియమం తెలియదు. సైలస్ పళ్లెం వైపు చూసి, టోపీ పెట్టుకుని, వంతెన దాటి, దాన్ని తిప్పేశాడు. కాలువకి తప్పు చివర పుట్టిన పిల్లని చేసుకుంటే ఇంతేనని కొడుకుతో అన్నాడట. తర్వాత రేడియో కొన్నప్పుడొకసారి, దూడకి ఆయన్ని అడక్కుండా పేరు పెట్టినప్పుడొకసారి తిరిగింది వంతెన. ఎప్పుడూ మూడో రోజుకల్లా మూతపడేది. సైలస్‌కి రొట్టె కాల్చుకోవడం రాదు.

ఈ ఏడాది అలక మాత్రం అన్నిటి లాంటిది కాదు.

కిందటేడు గడ్డి పోయింది. కోయాల్సిన వారంలో సైలస్ కోయనివ్వలేదు. వానా ఎండా ముందే చెప్పే తన మోకాలు ఇంకా చెప్పలేదన్నాడు. మోకాలు చెప్పేసరికి వాన పడింది. పడుతూనే ఉంది. చేలో గడ్డి నల్లబడి, కంపు కొట్టి, ఎందుకూ పనికిరాకుండా పోయింది. చలికాలంలో పశువులకి మేత చాలక ఆవుల్ని సంతకి తోలారు. హెట్టీ చేత్తో పాలు తాగించి పెంచిన రెండు పెయ్యలు, క్లోవర్, టాన్సీ, అప్పుడు ఎలాగో గండం గడిచి మిగిలాయి. ఈసారి కూడా కొట్టం నిండకపోతే శరదృతువు సంతకి వెళ్లేవి అవే. క్లెమ్ ఆ మాట చెప్పలేదు. చెప్పకుండా వాటి వైపు చూసి గోడ వైపు తిరిగేవాడు. హెట్టీకి అది చాలు.

అందుకని ఆమె ఈ ఏడు మోకాలితో సంప్రదింపులు పెట్టుకోదలచలేదు. చర్చి వాళ్లు ఏటా మోర్‌కమ్ సముద్రం ఒడ్డుకి బస్సులో తీసుకెళ్లే శనివారం కోసం చూసింది. సైలస్ నల్ల కోటు తొడుక్కుని, పొద్దున్నే వంతెన దాటి వచ్చి, బస్సెక్కాడు. బస్సు మలుపు తిరగ్గానే హెట్టీ క్లెమ్‌ని ట్రాక్టరు ఎక్కించింది.

నాన్నని ఒక మాట అడుగుదామని క్లెమ్ నసిగాడు. అడిగితే కాదంటాడు, కాదన్నాక కోస్తే అవిధేయత అవుతుంది, అడక్కుండా కోస్తే తొందరపాటే అవుతుంది, రెండిట్లో చిన్నది తొందరపాటు అని హెట్టీ అతనికి బోధపరిచింది. హైస్కూలు చదువు ఇలాంటి చోటే పనికొస్తుంది.

సాయంత్రానికి చేనంతా పడుకుంది. పచ్చి గడ్డి వాసన కాలువ దాటి వంటింట్లోకి వచ్చింది. చర్చి బస్సు వచ్చి గుర్రాల బాట చివర ఆగింది. సైలస్ దిగాడు. కిటికీల నిండా తలలు. అందరూ చేను వైపే చూస్తున్నారు. ఆయన కూడా చూశాడు. హెట్టీ గడపలో నిలబడి, మోర్‌కమ్‌లో ఎండ బాగుందా మామయ్యా అని అడిగింది. ఆయన చేతిలో ఒక కాగితం పొట్లం ఉంది. దాన్ని కోటు జేబులోకి తోసేసి వంతెన దాటాడు. తర్వాత ఇరుసు కిర్రుమనడం వినిపించింది.

"పోనీలే. గడ్డి ఎండడానికి కూడా మూడు రోజులు పడుతుంది," అంది హెట్టీ.

మర్నాడు ఆదివారం. సైలస్ వంతెన మూయకుండా, రాతి వంతెన చుట్టూ నడిచి చర్చికి వచ్చి, వేరే బెంచీలో కూర్చున్నాడు. పాటలు మాత్రం గట్టిగా పాడాడు. భోజనానికి రాలేదు. సోమవారం హెట్టీ రొట్టె, చల్లారిన మాంసం గుడ్డలో కట్టి, దాటిపోతున్న బొగ్గు పడవ మనిషి చేతికి అందించింది. వంతెన దగ్గర కాలువని రెండు వైపులా రాతి గోడలతో ఇరుకు చేసి కట్టారు. పడవ అందులో దూరితే ఇటూ అటూ అరచెయ్యి సందు కూడా మిగలదు. పడవ మనిషి ఇటు చెయ్యి చాపి తీసుకుని, అటు చెయ్యి చాపి ఇచ్చేశాడు. సైలస్ మూట తీసుకున్నాడు గాని, ఎవరు పంపారని అడగలేదు. పడవ మనిషి కూడా చెప్పలేదు. అందరూ మర్యాద తెలిసినవాళ్లే.

క్లెమ్ సైకిలు మీద చుట్టూ తిరిగి వెళ్లి గడ్డి తిరగేసి వచ్చేవాడు. చేనుకి ఈ కొస నుంచి అతను మొదలుపెడితే ఆ కొస నుంచి సైలస్ కూడా పళ్లకర్రతో తిరగేస్తూ వచ్చేవాడట. మధ్యలో ఇద్దరూ కలిసేవాళ్లు. ఇద్దరూ వెనక్కి తిరిగి మళ్లీ చెరో కొసకీ పోయేవాళ్లు.

"తిరగేస్తున్నాడంటే కోపం తగ్గినట్టేగా?" అని హెట్టీ అడిగింది.

"నువ్వు ఒక్క మాట తప్పయిందని అంటే పూర్తిగా తగ్గుతుంది," అన్నాడు క్లెమ్.

"తప్పేముంది అందులో? గడ్డి చూడు, ఎంత బాగా ఎండుతోందో."

క్లెమ్ గడ్డి వైపు చూశాడు. నిజంగానే బాగా ఎండుతోంది.

బుధవారం ఎండ మండిపోయింది. పొద్దున్న పది దాటేసరికి గుర్రాల బాట మీద రాళ్లు కాలసాగాయి. గడ్డి పెళపెళలాడుతోంది. ఇక ఎత్తడమే. మధ్యాహ్నం హెట్టీ బట్టలు ఆరేస్తూ అవతలి గట్టు వైపు చూసింది. సైలస్ దూలానికి వీపు ఆనించి, పైపు నోట్లో పెట్టుకుని, ఆకాశం చూస్తున్నాడు. నడుము పైకి చూస్తే తీరిగ్గా పొగ తాగుతున్న పెద్దమనిషి. కిందికి చూస్తే రెండు కాళ్లూ గడ్డిలో తన్నిపెట్టి, బూట్లు జారిపోతుంటే మళ్లీ తన్నిపెడుతున్న ఎద్దు. దూలానికి గొలుసు లేదు. వంతెన కదిలి వచ్చింది, వచ్చింది, ఇవతలి గట్టురాయి దగ్గరికి వచ్చాక దాని కొస రాతి అంచుకి తగిలి ఆగిపోయింది. సైలస్ ఇటూ అటూ చూసి, ఎవరూ లేరనుకుని, దాన్ని మెల్లగా వెనక్కి తిప్పేశాడు. మళ్లీ గొలుసు వేశాడు. మళ్లీ పైపు నోట్లో పెట్టుకున్నాడు. అందులో నిప్పు లేదు.

తడి దుప్పటి వెనక నిలబడి ఇదంతా చూసిన హెట్టీకి అప్పుడు అర్థమయింది.

చలికాలంలో కాలువ పనివాళ్లు వచ్చి వంతెనకి కొత్త చెక్కలు, కొసకి కొత్త ఇనప పట్టీ వేశారు. పట్టీకీ గట్టురాయికీ మధ్య వేలెడు సందు వదలబోతే సైలస్ ఒప్పుకోలేదు. సందులో ఆవు గిట్ట ఇరుక్కుంటుందన్నాడు, బండి కుదుపుకి కోడిగుడ్లు పగులుతున్నాయన్నాడు, తన తాత కాలంలో పనివాళ్లకి పని వచ్చేదన్నాడు. మంచులో రోజంతా వాళ్ల నెత్తిన నిలబడి, పట్టీని గట్టురాయికి ఆనించినట్టుగా వేయించాడు. ఆ తర్వాత వారం రోజులు దారిన పోయే ప్రతివాడికీ, సందులో చాకు మొన దూర్చమని పందెం కాశాడు. ఎవరూ దూర్చలేకపోయారు. ఇప్పుడు ఎండకి ఇనుము సాగింది. చాకు మొన దూరని చోట వంతెన ఎలా దూరుతుంది?

హెట్టీ ఇంట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగుతున్న భర్తతో నెమ్మదిగా చెప్పింది.

"మీ నాన్న అలిగి కూర్చోలేదు. అలిగినట్టు నటిస్తున్నాడు."

వంతెన తన పంతం వల్ల ఇరుక్కుందని ఊరికి తెలియడం కంటే, తాను ఇంకా అలిగే ఉన్నానని ఊరు అనుకోవడమే సైలస్‌కి గౌరవం. అందుకోసం చేలో గడ్డి ఉన్నా సరే, రొట్టె నిండుకున్నా సరే. క్లెమ్ తల పట్టుకున్నాడు. కిటికీలోంచి పడమటి కొండ కనిపిస్తోంది. దాని వెనక నుంచి మబ్బు లేస్తోంది. వేసవిలో ఆ కొండ వెనక లేచిన మబ్బు సాయంత్రం లోపల ఇటు దిగకుండా ఉండదు.

అబద్ధాన్ని అబద్ధమని మొహం మీద చెబితే మగవాళ్లు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారని హెట్టీకి తెలుసు. ఆమె గట్టు దగ్గరికి వెళ్లి, వంతెన కొత్త చెక్కలు దుమ్ము కొట్టుకుపోయాయని, ఆదివారం చర్చికి పోయేవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని, అవతలి గట్టున ఉన్నాయి కాబట్టి తాను కడగలేకపోతున్నానని, నీళ్లలోకి చూస్తూ అంది.

సైలస్ వంతెన చెక్కల వైపు చూశాడు.

"కడుగుదామనే అనుకుంటున్నాను. నువ్వు చెప్పేదేమీ లేదు," అన్నాడు.

బకెట్టు తెచ్చాడు. కాలువలోంచి తోడి తోడి పోశాడు. చెక్కల మీద రెండు బకెట్లు పడితే ఇనప పట్టీ మీద ఇరవై పడ్డాయి. ఇవతలి గట్టున భార్యాభర్తలిద్దరూ ఆ సంగతి గమనించనట్టే నిలబడ్డారు. కొంతసేపటికి ఆయన దూలానికి వీపు ఆనించాడు, అలసిపోయినవాడిలా. వంతెన కదిలింది. గట్టురాయి దాకా వచ్చింది. ఈసారి ఇందాకటికంటే కొంచెం నయం. అయినా రాతి మూలకి తగిలి ఆగింది. ఇనుము చల్లబడేలోపే ఎండ మళ్లీ కాలుస్తోంది. దూరంగా ఉరుము వినిపించింది.

అప్పుడు బొగ్గు పడవ బూర కూడా వినిపించింది. సైలస్ వంతెనని గబగబా వెనక్కి తిప్పేశాడు.

వచ్చింది కెప్టెన్ హోల్డెన్ పడవ. హోల్డెన్‌ది హెట్టీ పుట్టిన ఊరి పక్కనే. నిండా బొగ్గు వేసుకుని, నీళ్లలో లోతుగా కూరుకుని, బాతులా మెల్లగా వస్తోంది. చుక్కాని దగ్గర కెప్టెన్, ముందు కొసన చేతిలో బంగాళాదుంపల గిన్నెతో అతని భార్య పెగ్. వంతెన తెరిచి ఉండడం చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈసారి ఏం పాపం చేశావు చెల్లెమ్మా, మళ్లీ పుడింగేనా?" అని అడిగింది పెగ్.

హెట్టీ గట్టు అంచుకి వచ్చింది. పడవ రాతి గోడల మధ్యకి దూరడం చూస్తోంది. ఇటు గోడకీ పడవకీ మధ్య అరచెయ్యి సందు. అటు గోడకీ అంతే. బొగ్గు మీద పరిచిన మైనపు గుడ్డ దాదాపు గట్టుతో సమానంగా ఉంది.

"ఆపు," అంది హెట్టీ.

కెప్టెన్ ఇంజను ఆపేశాడు. పడవ అక్కడే, గోడల మధ్య బిరడాలా నిలిచింది. హెట్టీ చెప్పిందంతా విన్నాడు. గడ్డిని పోనీ గుర్రం చేత అవతలి గట్టు దాకా లాగించి, పడవ మీదుగా ఇవతలి గట్టున ట్రైలర్‌లోకి వేయించాలట. వాన పడేలోపు. కెప్టెన్ తల గోక్కున్నాడు. వెనక ఇంకో పడవ వస్తోందన్నాడు, బొగ్గు కోసం కరెంటు కేంద్రం వాళ్లు కాచుకుని ఉంటారన్నాడు. పెగ్ అతని వైపు ఒక చూపు చూశాక కరెంటు వాళ్ల సంగతి మానేశాడు.

"సరే గాని, ఆ గట్టు సైలస్‌ది, గడ్డీ సైలస్‌ది. ఆయన సరేనంటేనే. ఇంటి గొడవలో నేను పడవ పెట్టను," అన్నాడు.

అందరూ అవతలి గట్టు వైపు చూశారు. మధ్యలో ఉన్నది ఒక పడవ వెడల్పే. గొంతు పెంచాల్సిన అవసరం కూడా లేదు.

"నాన్నా," అన్నాడు క్లెమ్.

సైలస్ ఆరిపోయిన పైపుని చేతిలోకి తీసుకున్నాడు.

"కోయడానికి నన్ను అడగలేదు. మోయడానికి మాత్రం అడుగుతారేం?"

ఆయన హెట్టీ వైపు చూడకుండా, పడవ మీది మైనపు గుడ్డతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. గొంతులో కోపం లేదు. అదే హెట్టీకి ఇబ్బంది అయింది.

"మోర్‌కమ్‌లో టీ తాగేటప్పుడు అందరూ అడిగారు, గడ్డి ఎప్పుడు కోస్తావు సైలస్ అని. సోమవారం పొద్దున్నే అన్నాను. మోకాలేమంటోంది అని నవ్వారు. మోకాలి మాట కాదు, కిందటేడు మోకాలి మాట విని చెడిపోయాను, ఈ ఏడు మా కోడలి మాట అన్నాను. అందరి ముందూ అన్నాను. పాస్టరు కూడా ఉన్నాడు. దిగి చూస్తే గడ్డి పడుకుని ఉంది. బస్సు నిండా జనం చూశారు. నన్ను బస్సెక్కించి కోశారని అందరికీ తెలిసిపోయింది."

పెగ్ బంగాళాదుంపల గిన్నె కింద పెట్టింది. కొండ వెనక మళ్లీ ఉరిమింది. ఈసారి దగ్గరగా.

హెట్టీ నోరు తెరిచింది. ఆమెకి మాటలు వెతుక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. సోమవారం కోసి ఉంటే ఈ పాటికి గడ్డి ఇంకా పచ్చిగానే ఉండేది, వానకి మళ్లీ కుళ్లిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజమైన మాటే. కాని ఆయన అడిగింది దాని గురించి కాదు. ఆమె నోరు మూసుకుంది.

సైలస్ పైపు జేబులో పెట్టుకున్నాడు. గోడకి ఆనించి ఉన్న పంగలకర్ర తీసుకున్నాడు.

"నా కోపం నాది. గడ్డి పశువులది," అన్నాడు. "పోనీని కట్టు క్లెమ్."

ఇక ఆ మధ్యాహ్నం ఎవరికీ మాట్లాడే తీరిక లేకపోయింది. క్లెమ్ పడవ మీదుగా అవతలికి గెంతి, పోనీకి చెక్కబల్ల తగిలించి, చేలోంచి కుప్పలు కుప్పలుగా గట్టుకి ఈడ్చుకొచ్చాడు. సైలస్ గట్టు మీద నుంచి పంగలకర్రతో ఎత్తి పడవ మీదికి వేశాడు. కెప్టెన్ పడవ నడుమ నిలబడి, తిట్టుకుంటూ, అందుకుని ఇటు విసిరాడు. హెట్టీ ట్రైలర్ మీద నిలబడి తొక్కి తొక్కి సర్దింది. పెగ్ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరింది. మెడలో గడ్డి, చెవుల్లో గడ్డి, గౌను లోపల గడ్డి. బొగ్గు నుసి గడ్డికి అంటకుండా పరిచిన మైనపు గుడ్డ జారినప్పుడల్లా పెగ్ గట్టిగా అరిచేది. ట్రైలర్ నిండగానే హెట్టీ తానే ట్రాక్టరు నడిపి కొట్టంలో కుమ్మరించి, మళ్లీ వచ్చేది.

వెనక పడవ వచ్చి ఆగింది. అందులోవాళ్లు ఏమిటీ ఆలస్యమని తిట్టడానికి దిగి, ముందుకొచ్చి చూసి, తిట్టడం పూర్తయ్యేలోపే చెరో పంగలకర్ర పట్టుకున్నారు. పని చేస్తూ తిట్టడం కొనసాగించారు. సైలస్ మాత్రం ఒక్కసారైనా ఆగలేదు. ఆ వయసులో ఆ చేతులు అంత ఎత్తు ఎలా లేస్తున్నాయో హెట్టీకి అర్థం కాలేదు. ఆయన విసిరిన ప్రతి మోపూ పడవ మీదుగా కెప్టెన్ చేతికి, అక్కడి నుంచి ఆమె కాళ్ల దగ్గరికి వస్తోంది. వెచ్చగా, తేలిగ్గా, టీ ఆకు వాసనతో. సరైన రోజున కోసిన గడ్డికే ఆ వాసన ఉంటుంది. సరైన రోజు తానే ఎంచింది. ఆ గర్వం మనసులో ఎక్కడ పెట్టుకుందామన్నా చోటు కుదరలేదు.

చివరి మోపు ట్రైలర్ మీద పడేసరికి ఆకాశం సీసంలా అయింది. క్లెమ్ ట్రాక్టరుని పరుగెత్తించాడు. కొట్టం తలుపు మూస్తుండగా మొదటి చినుకులు రేకు మీద రాళ్లలా పడ్డాయి. ఒక్క నిమిషంలో కాలువ, చేను, కొండ ఏదీ కనబడలేదు.

అందరూ కొట్టంలోనే ఇరుక్కున్నారు. రెండు పడవల వాళ్లు, క్లెమ్, పడవ మీదుగా ఇవతలికి నడిచి వచ్చిన సైలస్. హెట్టీ నెత్తిన గోనెసంచి కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తి పెద్ద కెటిల్ నిండా టీ, రొట్టె, పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి పై తెచ్చింది. గడ్డి దూలాల దాకా నిండింది. గోడ అవతల పాకలో పెయ్యలు రెండూ కొత్త గడ్డి వాసనకి ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపు అందరూ తిన్నారు.

తర్వాత కెప్టెన్ హోల్డెన్ పళ్లెం పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, ఎంతో అమాయకంగా అడిగాడు.

"అవునుగాని సైలస్, ఇంతకీ ఆ వంతెన ఎందుకు మూతపడలేదంటావు?"

పడవల వాళ్లంతా పళ్లేల్లోంచి తలలెత్తారు. అందరికీ తెలుసు. చలికాలంలో చాకు మొన పందెంలో ఓడినవాళ్లు వాళ్లలో ఇద్దరున్నారు. డెబ్బై తొమ్మిదేళ్లలో సైలస్ సగ్డెన్ తనది పొరపాటని ఎవరి ముందూ అన్నది లేదు. ఇప్పుడంటే వినడానికి కాలువ మీద బతికేవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. ఆయన టీ కప్పులోకి చూశాడు. మెడ ఎర్రబడింది. క్లెమ్ నేల చూస్తున్నాడు.

"ఎండ," అన్నాడు సైలస్.

ఎవరో నవ్వారు. ఇంకొకరు అందుకోబోయారు.

హెట్టీ చేతిలోని కెటిల్ కింద పెట్టింది. జుట్టులో గడ్డిపోచలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఓడిపోయేది ఆయనే. లోకంలో ఇంకే కోడలైనా ఊరుకునేది. హెట్టీ కూడా ఊరుకునేదే, కాకపోతే మోర్‌కమ్‌లో టీ బల్ల ముందు, ఇంతకంటే ఎక్కువ మంది నవ్వుతుండగా, మా కోడలి మాట అని చెప్పిన మనిషి ఆయన.

"వంతెన సంగతి ఉండనీ కెప్టెన్," అంది. నవ్వు ఆగింది. ఆమె మామగారి వైపు తిరిగింది. ఆయన ఇంకా కప్పులోకే చూస్తున్నాడు.

"మామయ్యా, గడ్డి విషయంలో నాది తప్పు కాదు. అది మీకూ తెలుసు," అంది. వాన చప్పుడుకి వినబడదేమోనని గొంతు పెంచింది, ఆ మూలనున్నవాళ్లకి కూడా వినబడేలా. "మీ విషయంలో తప్పు. అడిగితే కాదంటారని, అడక్కుండా నేనే తేల్చేసుకున్నాను. మీరు లేని రోజు చూసి మరీ కోయించాను. నాదే తప్పు."

సైలస్ కప్పు పక్కన పెట్టి, శనివారం నుంచి జేబులోనే ఉన్న మోర్‌కమ్ మిఠాయి పొట్లాన్ని తీసి కోడలి చేతిలో పెట్టాడు.